చిగురు చెప్పే కబురు

చెట్టు కొమ్మకు కొత్తగా వచ్చే ఆకును చిగురు అంటాం. పంటి మొదట్లో ఉండే మెత్తని కండను కూడా చిగురు అనే అంటాం. రెండూ లేతవే. రెండింటినీ జాగ్రత్తగా చూసుకోవాలి.

ఆరోగ్యంగా ఉన్న చిగురు లేత గులాబీ రంగులో ఉంటుంది. కొందరికి కొంచెం నల్లగా, గోధుమ రంగుగా ఉంటుంది. అదీ మామూలే. మంచి చిగురు పంటిని చుట్టూ గట్టిగా పట్టుకుని ఉంటుంది. పళ్ళు తోముకుంటే దాని నుంచి నెత్తురు రాదు.

మరి నెత్తురు వస్తే? చిగురు మనకు ఏదో కబురు చెబుతోందన్న మాట. ఆ కబురు ఏమిటో ఈ పాఠంలో తెలుసుకుందాం.

ఒక ఇంట్లో ముగ్గురు

ఒక ఊళ్ళో చదువుల కేంద్రం ఉంది. రాత్రి ఏడు గంటలకు ఆడవాళ్ళు పుస్తకాలు పట్టుకుని వస్తారు. ఒకే ఇంటి నుంచి ముగ్గురు వస్తారు. అత్త, పెద్దకోడలు, చిన్నకోడలు.

ఒక రోజు పుస్తకం తెరవకముందే మాటలు మొదలైనాయి.

"అక్కా, పళ్ళు తోముకుంటుంటే నెత్తురు వస్తోంది. పది రోజుల నుంచీ ఇంతే" అంది చిన్నకోడలు. ఆమెకు ఇప్పుడు నాలుగో నెల.

"నాకూ వచ్చేది. తోమడం మానేశా. నీళ్ళు పుక్కిలించి ఉమ్మేస్తున్నా. ఇప్పుడు నెత్తురు లేదు, ఏమీ లేదు" అంది పెద్దకోడలు.

"వేడి చేసి ఉంటుందిలే. మజ్జిగ తాగు" అంది అత్త. "అయినా పిల్లలు పుట్టాక పళ్ళు కదలడం మామూలే. నాకు నలభై ఏళ్ళకే ముందు పళ్ళు నాలుగు ఊడినాయి. ఇప్పుడు జొన్నరొట్టె నానబెట్టుకుని తింటున్నా. జామకాయ కొరికి ఎన్నేళ్ళయిందో!"

ఆ రోజు కేంద్రానికి నర్సమ్మ వచ్చి ఉంది. ఆమె అంతా విన్నది.

"పెద్దమ్మా, ఇది వేడి కాదు. కాన్పుల వల్ల పళ్ళు ఊడాలనీ లేదు. చాలామందికి చిగుళ్ళ నెత్తురుకు కారణం ఒకటే. పాచి" అంది నర్సమ్మ.

పాచి అంటే ఏమిటి?

బోరింగు దగ్గర బండను చూడండి. నాలుగు రోజులు రుద్దకపోతే దానిమీద పాకుడు పడుతుంది. కాలు పెడితే జారుతుంది. ఆ బండమీద రోజంతా నీళ్ళు పోతూనే ఉంటాయి. అయినా పాకుడు పోదు. పీచుతో రుద్దితేనే పోతుంది.

పంటిమీద కూడా అలాగే జిగురుగా ఒక పొర కడుతుంది. అదే పాచి. పొద్దున్నే లేవగానే పళ్ళమీద నాలుకతో తడిమి చూడండి. జిగటగా తగులుతుంది. ఆ పాచిలో కంటికి కనిపించని క్రిములు కోట్ల సంఖ్యలో ఉంటాయి. మనం తినే తిండిలోని తీపి, పిండి వాటికీ ఆహారమే.

పాచి ఎక్కువగా రెండు చోట్ల చేరుతుంది. ఒకటి, పన్నూ చిగురూ కలిసే అంచున. రెండు, పంటికీ పంటికీ మధ్య సందులో. ఆ క్రిములు వదిలే విషం చిగురుకు తగులుతుంది.

కాలిలో ముల్లు దిగితే ఏమవుతుంది? ఆ చోట ఎర్రగా వాస్తుంది. ముల్లుతో పోరాడటానికి ఒళ్ళు అక్కడికి నెత్తురు ఎక్కువగా పంపుతుంది. చిగురులోనూ అదే జరుగుతుంది. పాచి చేరిన చోట చిగురు ఎర్రబడుతుంది. ఉబ్బుతుంది. పైపొర పలచబడుతుంది. అప్పుడు బ్రష్షు కొంచెం తగిలినా నెత్తురు వస్తుంది.

ముల్లు తీస్తేనే కాలి వాపు తగ్గుతుంది. పాచి తీస్తేనే చిగురు వాపు తగ్గుతుంది.

మరి నెత్తురు చూసి తోమడం మానేస్తే? బ్రష్షు తగలదు. నెత్తురు కనిపించదు. రోగం పోయిందనుకుంటాం. కానీ పాచి అక్కడే ఉంటుంది. రోజురోజుకూ పెరుగుతుంది. చిగురు ఇంకా ఉబ్బుతుంది. పెద్దకోడలు చేసిన పొరపాటు ఇదే. చాలామంది చేసే పొరపాటూ ఇదే.

అందుకని మొదటి మాట ఇది: చిగుళ్ళ నుంచి నెత్తురు వస్తే తోమడం ఆపకూడదు. మెత్తని బ్రష్షుతో, నెమ్మదిగా, శుభ్రంగా తోమాలి.

నిజంగా చేసి చూశారు

ఈ సంగతి డాక్టర్లకు ఎలా తెలిసింది? 1965లో డెన్మార్కు దేశంలో హరాల్డ్ లో అనే దంతవైద్యుడు, ఆయన తోటివాళ్ళు ఒక పరీక్ష చేశారు. ఆరోగ్యంగా ఉన్న పన్నెండు మందిని తీసుకున్నారు. వాళ్ళు కొన్నాళ్ళపాటు పళ్ళు తోముకోవడం పూర్తిగా మానేశారు.

ఏం జరిగింది? పది రోజుల నుంచి మూడు వారాల లోపల పన్నెండు మందికీ చిగుళ్ళు వాచాయి. తర్వాత వాళ్ళు మళ్ళీ శుభ్రంగా తోముకోవడం మొదలుపెట్టారు. వారం పది రోజుల్లో చిగుళ్ళు మళ్ళీ మామూలయ్యాయి.

వాళ్ళకు ఏ మాత్రా ఇవ్వలేదు. సూదిమందు వేయలేదు. పాచి పోయింది, వాపు పోయింది. అంతే.

ఈ పరీక్ష మనకు రెండు సంగతులు చెబుతుంది. పాచి పేరుకుంటే ఎవరి చిగురైనా వాస్తుంది. సమయానికి శుభ్రం చేసుకుంటే చిగురు మళ్ళీ బాగుపడుతుంది.

పాచి గట్టిపడితే గార

పాచి మెత్తగా ఉన్నప్పుడు బ్రష్షుతో పోతుంది. రోజుల తరబడి అలాగే వదిలేస్తే మన ఉమ్మిలో ఉండే సున్నం దానికి పడుతుంది. అది రాయిలా గట్టిపడుతుంది. దాన్నే గార అంటారు. ఉప్పునీళ్ళు కాచే గిన్నె అడుగున తెల్లగా గట్టిగా పేరుకుంటుంది, చూశారా? ఇదీ అలాంటిదే.

మీకు గార ఉందా? కింది ముందు పళ్ళ వెనకవైపు నాలుకతో తడిమి చూడండి. పన్ను నున్నగా తగలాలి. గరుకుగా తగిలితే అక్కడ గార ఉండవచ్చు. గార ఎక్కువగా పేరుకునే చోటు అదే.

గార బ్రష్షుతో పోదు. ఉప్పుతో రుద్దినా పోదు. పిన్నీసుతో గీకకూడదు. పంటి డాక్టరే తీయాలి.

గార చిగురు కిందికి కూడా దిగుతుంది. అప్పుడు చిగురు పంటిని వదిలేస్తుంది. మధ్యలో చిన్న సంచిలా ఏర్పడుతుంది. ఆ సంచిలో ఇంకా పాచి చేరుతుంది. నోరు వాసన వస్తుంది. కొన్నాళ్ళకు లోపలి ఎముక కూడా అరిగిపోతుంది.

పందిరి గుంజను చూడండి. గుంజ ఎంత గట్టిదైనా చుట్టూ మట్టి కోసుకుపోతే ఊగుతుంది. పన్నూ అంతే. పన్ను దవడ ఎముకలో నాటుకుని ఉంటుంది. ఎముక తగ్గితే పన్ను కదులుతుంది. చివరికి ఊడుతుంది. పన్ను మీద ఒక్క పుచ్చు లేకపోయినా ఊడుతుంది.

ఇదంతా ఏళ్ళ తరబడి జరుగుతుంది. చాలామందికి నొప్పి ఉండదు. నొప్పి లేదు కదా అని ఎవరూ పట్టించుకోరు. వాచిన చిగురు బాగుపడుతుంది. కానీ అరిగిన ఎముక దానంతట అది తిరిగి పెరగదు. అందుకే మొదటి కబురు వచ్చినప్పుడే వినాలి. ఆ మొదటి కబురే నెత్తురు.

"అయితే నా పళ్ళు కాన్పుల వల్ల పోలేదన్న మాట" అంది అత్త.

"బిడ్డ తల్లి పళ్ళలోని సున్నం లాగేసుకుంటుందని అంటారు. అది నిజం కాదు పెద్దమ్మా. ఆ రోజుల్లో మీకు ఎవరూ చెప్పలేదు. ఉన్న పళ్ళనైనా కాపాడుకుందాం" అంది నర్సమ్మ.

మీకు సొంత బ్రష్షు ఉందా?

నర్సమ్మ ఒక ప్రశ్న అడిగింది. "మీలో ఎంతమందికి సొంత బ్రష్షు ఉంది? చేతులెత్తండి."

పదకొండు మందిలో నలుగురే చేతులెత్తారు. ఇంట్లో మగవాళ్ళకు బ్రష్షు ఉంది. బడికి వెళ్ళే పిల్లలకు ఉంది. ఆడవాళ్ళు మాత్రం బొగ్గుతో, కచ్చికతో తోముకుంటున్నారు.

"పేస్టు తొందరగా అయిపోతుందని నేను వాడను. పిల్లలకు ఉండనీ అని ఊరుకుంటా" అంది చిన్నకోడలు.

మనం అందరికీ వండి పెడతాం. చివర్లో తింటాం. అందరి పళ్ళూ తోమించి, మన పళ్ళు నీళ్ళతో కడుక్కుంటాం. కానీ పన్ను ఊడితే ఎవరిది ఊడుతుంది? నమలలేక బాధపడేది ఎవరు? ఇంట్లో ఎంతమంది ఉంటే అన్ని బ్రష్షులు ఉండాలి. ఒకరి బ్రష్షు ఇంకొకరు వాడకూడదు. ఆ లెక్కలో మనమూ ఉన్నాం.

ఏది మంచిది? ఏది కాదు?

బొగ్గు, ఇటుక పొడి, ఇసుక, కచ్చిక: ఇవి గరుకుగా ఉంటాయి. పంటి పైపొరను అరగదీస్తాయి. చిగురును గీరుతాయి. వీటిని మానాలి.

వేపపుల్ల: వాడవచ్చు. కానీ చివరను బాగా నమిలి మెత్తని కుచ్చులా చేసుకోవాలి. గట్టి పుల్లతో రుద్దితే చిగురు చీరుకుపోతుంది. రోజూ కొత్త పుల్ల తీసుకోవాలి. లోపలివైపు కూడా తోమడం మరచిపోకూడదు.

వేలు: వేలితో పేస్టు రుద్దితే నోరు చల్లగా అనిపిస్తుంది. కానీ చిగురు అంచున ఉన్న పాచి సరిగా రాదు.

బ్రష్షు: అన్నిటికంటే మంచిది. కొనేటప్పుడు మెత్తని కుచ్చు ఉన్నది అడగండి. గట్టి బ్రష్షు బాగా తోముతుందనుకోవద్దు. అది చిగురును గాయపరుస్తుంది. మూడు నెలలకొకసారి బ్రష్షు మార్చాలి. అంతకంటే ముందే కుచ్చు విచ్చుకుపోతే అప్పుడే మార్చాలి.

పేస్టు: పెద్దవాళ్ళకు శనగగింజంత చాలు. ఫ్లోరైడు ఉన్న పేస్టు పళ్ళు పుచ్చకుండా కాపాడుతుంది. అయితే పాచిని తీసేది ముఖ్యంగా బ్రష్షే. తోమే తీరు సరిగా లేకపోతే ఎంత ఖరీదైన పేస్టు వాడినా లాభం లేదు.

ఉప్పునీళ్ళు: ఒక గ్లాసు గోరువెచ్చని నీళ్ళలో అర చెంచా ఉప్పు కలిపి పుక్కిలించవచ్చు. వాచిన చిగురుకు హాయిగా ఉంటుంది. మింగకూడదు, ఉమ్మేయాలి. ఇది ఉపశమనం మాత్రమే. పాచిని తీయదు.

నిమ్మచెక్క: పళ్ళమీద రుద్దకూడదు. ఆ పులుపు పంటి పైపొరను తినేస్తుంది.

ఇంకొక సంగతి. నల్లగొండ జిల్లాలో, కనిగిరి ప్రాంతంలో చాలా ఊళ్ళ భూమి నీళ్ళలో ఫ్లోరైడు ఎక్కువ. చిన్నప్పుడు ఆ నీళ్ళు తాగి పెరిగినవాళ్ళ పళ్ళమీద పసుపు, గోధుమ రంగు మచ్చలు ఉంటాయి. అవి పాచి కాదు. గార కాదు. పంటి లోపలే పట్టిన మచ్చలు. ఇటుక పొడితో ఎంత రుద్దినా పోవు. చిగురు మాత్రం పాడవుతుంది.

ఎలా తోముకోవాలి?

1. పొద్దున ఒకసారి, రాత్రి పడుకునే ముందు ఒకసారి తోముకోవాలి. రాత్రి నోట్లో ఉమ్మి తక్కువ ఊరుతుంది. క్రిములకు అది మంచి సమయం. అందుకే రాత్రి తోమడం చాలా ముఖ్యం.

2. బ్రష్షును పన్నూ చిగురూ కలిసే అంచున ఏటవాలుగా ఆనించాలి. కుచ్చు సగం పంటిమీద, సగం చిగురు అంచున ఉండాలి.

3. అక్కడే ఉంచి చిన్నగా కదిలించాలి. తర్వాత చిగురు నుంచి పంటి కొన వైపు ఊడ్చినట్టు తీయాలి. పై పళ్ళకు పై నుంచి కిందికి. కింది పళ్ళకు కింది నుంచి పైకి.

4. రెండు మూడు పళ్ళ చొప్పున చుట్టూ తోమాలి. ముందు బయటివైపు. తర్వాత లోపలివైపు. చివరికి నమిలే వైపు.

5. బ్రష్షును పిడికిలితో పట్టుకోవద్దు. వేళ్ళతో పట్టుకోవాలి. పిడికిలితో పడితే బలం ఎక్కువ పడుతుంది. గిన్నె తోమినట్టు పళ్ళు తోమకూడదు.

6. మొత్తం రెండు నిమిషాలు తోమాలి.

7. నెత్తురు వచ్చే చోటును వదిలేయకూడదు. అక్కడ ఇంకా నెమ్మదిగా, శ్రద్ధగా తోమాలి. మొదటి కొద్ది రోజులు నెత్తురు వస్తుంది. భయపడవద్దు.

8. పళ్ళ సందులో ఇరుక్కున్నది తీయడానికి పిన్నీసు, అగ్గిపుల్ల, గుండుసూది వాడకూడదు. సందులు శుభ్రం చేయడానికి సన్నని దారం, చిన్న బ్రష్షులు మెడికల్ షాపులో దొరుకుతాయి. వాటిని ఎలా వాడాలో పంటి డాక్టరును అడగాలి.

గర్భిణులకు ముఖ్యమైన మాట

కడుపుతో ఉన్నప్పుడు ఒంట్లో కొన్ని హార్మోన్లు పెరుగుతాయి. అప్పుడు కొంచెం పాచి ఉన్నా చిగురు ఎక్కువగా వాస్తుంది. చిన్నకోడలికి జరిగింది ఇదే. రెండో నెల నుంచి ఎనిమిదో నెల వరకు ఇలా ఉండవచ్చు. శుభ్రంగా తోముకుంటే తగ్గుతుంది. కాన్పు తర్వాత ఇంకా తగ్గుతుంది.

కొందరికి చిగురు మీద చిన్న ఎర్రని బుడిపె లేస్తుంది. తాకితే నెత్తురు కారుతుంది. అది కాన్సరు అని హడలిపోవద్దు. చాలావరకు కాన్పు అయ్యాక దానంతట అదే తగ్గుతుంది. అయినా ఒకసారి డాక్టరుకు చూపించాలి.

వాంతులు అయ్యేవాళ్ళు వాంతి కాగానే పళ్ళు తోమకూడదు. నీళ్ళలో చిటికెడు తినే సోడా కలిపి పుక్కిలించాలి. అరగంట ఆగి తోముకోవాలి.

"కడుపుతో ఉన్నప్పుడు పంటి డాక్టరు దగ్గరికి పోకూడదు అంటారు కదా?" అని అడిగింది చిన్నకోడలు.

"వెళ్ళవచ్చమ్మా. నాలుగు, అయిదు, ఆరు నెలలు అందుకు అనువైనవి. నొప్పి, వాపు ఉంటే ఏ నెలలో అయినా వెళ్ళాలి. ఎన్నో నెలో ముందే చెప్పు. గర్భిణి కార్డు తీసుకెళ్ళు" అంది నర్సమ్మ.

వేరే కారణాలు కూడా ఉన్నాయి

షుగరు: షుగరు ఉన్నవాళ్ళకు చిగుళ్ళ జబ్బు తొందరగా ముదురుతుంది. చిగుళ్ళు చెడితే షుగరు అదుపులోకి రావడం కష్టమవుతుంది. ఒకటి రెండోదాన్ని పెంచుతుంది. చిగుళ్ళ జబ్బు తరచూ వస్తుంటే షుగరు పరీక్ష చేయించుకోవాలి.

మందులు: గుండె జబ్బు ఉన్నవాళ్ళకు నెత్తురు గడ్డకట్టకుండా మాత్రలు ఇస్తారు. వాటివల్ల చిగుళ్ళ నెత్తురు ఎక్కువ కావచ్చు. ఫిట్సుకు, బి.పి.కి ఇచ్చే కొన్ని మందుల వల్ల చిగుళ్ళు ఉబ్బవచ్చు. కానీ సొంతంగా మాత్రలు మానేయకూడదు. అది ప్రాణానికే ముప్పు. మాత్రలు ఇచ్చిన డాక్టరుకు చెప్పాలి.

పొగాకు: చుట్ట, బీడీ, జర్దా, గుట్కా, పళ్ళకు రాసుకునే నశ్యం, అన్నీ చిగుళ్ళకు చేటే. పొగాకులో ఒక మోసం ఉంది. అది చిగురులోని నెత్తురు నాళాలను కుదించేస్తుంది. లోపల జబ్బు ముదురుతున్నా నెత్తురు అంతగా కనిపించదు. అంటే చిగురు కబురు చెప్పకుండా నోరు నొక్కేస్తుంది. నోటి కాన్సరు ముప్పు కూడా ఉంది.

సి విటమిను లోపం: పూర్వం ఓడల్లో నెలల తరబడి తిరిగే నావికులకు చిగుళ్ళు కుళ్ళి నెత్తురు కారేది. చాలామంది చనిపోయేవారు. 1747లో జేమ్స్ లిండ్ అనే స్కాట్లండు దేశపు ఓడ వైద్యుడు అలాంటి రోగులు పన్నెండు మందిని ఇద్దరిద్దరుగా విడదీశాడు. ఒక్కో జంటకు ఒక్కో రకం వైద్యం చేశాడు. నారింజ, నిమ్మ పళ్ళు తిన్న ఇద్దరూ అందరికంటే ముందు కోలుకున్నారు. ఆ పళ్ళలో ఉన్నది సి విటమిను అని చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది.

మనకు సి విటమిను ఖరీదైన సరుకు కాదు. ఉసిరికాయ, జామకాయ, నిమ్మకాయ, మునగాకులో బాగా ఉంటుంది. ఎక్కువసేపు ఉడికిస్తే సి విటమిను తగ్గిపోతుంది. అందుకని కొన్ని పచ్చిగా తినాలి. నిమ్మరసం కూర దించాక పిండుకోవాలి. అయితే ఒకటి గుర్తుంచుకోండి. ఎన్ని జామకాయలు తిన్నా పంటిమీద పాచి పోదు. తిండీ కావాలి, తోమడమూ కావాలి.

ఆలస్యం చేయకూడని వేళలు

ఈ గుర్తులు ఉంటే వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి:

జ్వరంతో పాటు చిగుళ్ళ నుంచి నెత్తురు రావడం. ఇది డెంగీ ముదిరిన గుర్తు కావచ్చు. షాపులో అడిగి నొప్పి మాత్రలు కొని మింగకూడదు. కొన్ని నొప్పి మాత్రల వల్ల నెత్తురు కారడం ఎక్కువవుతుంది.

దెబ్బ తగలకుండానే ఒంటిమీద ఎర్రని, నల్లని మచ్చలు రావడం. ముక్కు నుంచి కూడా నెత్తురు రావడం.

శుభ్రమైన గుడ్డతో పావుగంట నొక్కి పట్టినా నెత్తురు ఆగకపోవడం.

ముఖం వాయడం, నోరు తెరవలేకపోవడం, మింగలేకపోవడం.

ఈ గుర్తులు ఉంటే కొద్ది రోజుల్లో పంటి డాక్టరుకు చూపించుకోవాలి:

రెండు వారాలు శుభ్రంగా తోమినా నెత్తురు తగ్గకపోవడం. పళ్ళు కదలడం. చిగురు నుంచి చీము రావడం. నోట్లో పుండు రెండు వారాలైనా మానకపోవడం.

పంటి డాక్టరు ఏం చేస్తారు?

పంటి డాక్టరు చిన్న పరికరంతో గార తీస్తారు. దీన్ని క్లీనింగు అంటారు. పన్ను పీకరు.

"గార తీస్తే పళ్ళు వదులవుతాయట కదా?" అంది పెద్దకోడలు.

చాలామందికి ఈ భయం ఉంది. గార పళ్ళ సందుల్లో సిమెంటులా నిండి ఉంటుంది. తీసేశాక సందులు బయటపడతాయి. కొత్తగా సందులు వచ్చాయని అనుకుంటాం. నిజానికి గార వల్ల చిగురు తగ్గి ఆ సందులు ముందే ఏర్పడ్డాయి. గార వాటిని కప్పి ఉంచింది. క్లీనింగు తర్వాత కొద్ది రోజులు చల్లనివి తగిలితే జివ్వుమంటుంది. తర్వాత తగ్గుతుంది.

ముందు మీ దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అడగండి. పంటి డాక్టరు ఏ ఆసుపత్రిలో, ఏ రోజు ఉంటారో వాళ్ళు చెబుతారు. హైదరాబాదు అఫ్జల్‌గంజ్‌లో, విజయవాడలో, కడపలో ప్రభుత్వ దంత వైద్య కళాశాలలు ఉన్నాయి. అక్కడి ఆసుపత్రుల్లో కూడా చూస్తారు. సంతలో పళ్ళు పీకేవాళ్ళ దగ్గరికి, పళ్ళు తెల్లగా చేస్తామని ఏదో మందు రాసేవాళ్ళ దగ్గరికి పోవద్దు.

డాక్టరు దగ్గరికి వెళ్ళాక సగం మాటలు మరచిపోతాం. మనకు ఇప్పుడు రాయడం వచ్చు కదా! ముందే చీటీ రాసుకుని పోవచ్చు. పెద్దకోడలు ఇలా రాసుకుంది:

"చిగుళ్ళ నుంచి నెత్తురు. ఆరు నెలల నుంచి. నోరు వాసన వస్తుంది. కింది పళ్ళ వెనక గరుకుగా ఉంది. షుగరు లేదు. ఏ మందులూ వాడటం లేదు. వక్క వేసుకుంటాను. పొగాకు లేదు."

డాక్టరు ఆ చీటీ చదివారు. మళ్ళీ అడగాల్సినవి రెండు మూడే మిగిలాయి. గార తీశారు.

చిన్నకోడలు కొత్త బ్రష్షు కొనుక్కుంది. రెండు పూటలా తోముకుంది. ఆమెకు గార లేదు. రెండు వారాల్లో నెత్తురు చాలావరకు తగ్గింది. అత్త షుగరు పరీక్ష చేయించుకుంది. కదిలే పళ్ళలో ఏవి నిలుస్తాయో డాక్టరు చూసి చెప్పారు.

గుర్తుంచుకోండి

చిగుళ్ళ నెత్తురుకు ముఖ్య కారణం పాచి.
నెత్తురు వచ్చినా తోమడం ఆపవద్దు.
మెత్తని బ్రష్షు, రెండు పూటలు, రెండు నిమిషాలు.
గారను డాక్టరే తీయాలి.
జ్వరంతో నెత్తురు వస్తే ఆలస్యం వద్దు.
ఇంట్లో ప్రతి ఒక్కరికీ సొంత బ్రష్షు ఉండాలి. మీకు కూడా.

ఆలోచించండి, మాట్లాడుకోండి

1. పెద్దకోడలు తోమడం మానేసింది. నెత్తురు కనిపించలేదు. అయినా జబ్బు ఎందుకు తగ్గలేదు?
2. మీ ఇంట్లో ఎంతమంది ఉన్నారు? ఎన్ని బ్రష్షులు ఉన్నాయి?
3. మీ ఊళ్ళో పళ్ళ గురించి ఏమేం అనుకుంటారు? వాటిలో ఏవి నిజం?

ఖాళీలు నింపండి

(గార, పాచి, రాత్రి, జామకాయ)

1. పంటిమీద జిగురుగా కట్టే పొరను ________ అంటారు.
2. పాచి గట్టిపడితే ________ అవుతుంది.
3. పొద్దున ఒకసారి, ________ ఒకసారి తోముకోవాలి.
4. ________లో సి విటమిను ఉంది.

అవునో కాదో చెప్పండి

1. గట్టి బ్రష్షు చిగుళ్ళకు మంచిది.
2. గర్భిణులు పంటి డాక్టరు దగ్గరికి వెళ్ళవచ్చు.
3. ఉప్పునీళ్ళు పుక్కిలిస్తే పాచి పోతుంది.
4. పొగాకు వాడేవాళ్ళకు జబ్బు ఉన్నా నెత్తురు తక్కువ కనిపించవచ్చు.

చేసి చూడండి

మీ నోటు పుస్తకంలో పద్నాలుగు గీతలు గీయండి. గీతకు ఒక రోజు. రెండు పూటలా తోముకున్న రోజు ఆ గీతమీద "తోమాను" అని రాయండి. నెత్తురు వస్తే పక్కన "వచ్చింది" అని, రాకపోతే "రాలేదు" అని రాయండి. పద్నాలుగో రోజున మొదటి గీత నుంచి చదవండి. "రాలేదు" అనే మాట ఎక్కువవుతూ వస్తే మీ చిగురు బాగుపడుతోంది. "వచ్చింది" అనే మాటే చివరి దాకా ఉంటే ఆ పేజీ తీసుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళండి.